కొండల్లో పాఠాలు చెప్తానంటున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బోటనీ చివరి సంవత్సరం చదువుతోంది. ఎన్‌సీసీలో ఉంది. పోయిన మే నెలలో హిమాచల్‌లోని కులు జిల్లాలో ట్రెక్కింగ్‌కు పంపాం. అక్కడ స్కూలు పిల్లలకు అడవి గురించి, కొండల గురించి నేర్పేవాళ్లను చూసి వచ్చి, తనూ అదే పని చేస్తానంటోంది. మేం ఎమ్మెస్సీ, బీఈడీ చేయిద్దామనుకున్నాం. నలుగురూ చేసే పని కాదు కదా ఇది! రేపు నలుగురిలో ఏమని చెప్పుకోవాలి? సంబంధం చూడటానికొచ్చే నలుగురికి ఏం జవాబివ్వాలి? టీచర్ ఉద్యోగాన్నీ, ఈ కొండల ఉద్యోగాన్నీ పోల్చి, ఏది మంచిదో చెప్పండి.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: పోలిక తప్పకుండా చెప్తాను. దానికి ముందు ఒక మాట. మీ ఉత్తరంలో 'నలుగురు' మూడుసార్లు వచ్చారు. అమ్మాయికి ఆ పనిలో ఏం నచ్చిందన్నది ఒక్కసారీ రాలేదు. ఆమెను అడిగారా? అడిగి ఉంటే ఆ జవాబు ఉత్తరంలో కనిపించేది.

కోపం తెచ్చుకోకండి. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకరి అబ్బాయి ఫొటోగ్రఫీ అంటాడు, ఇంకొకరి అమ్మాయి సముద్రంలో డైవింగ్ నేర్పుతానంటుంది. ఉత్తరం మాత్రం ఒకేలా ఉంటుంది. పైకి జీతం గురించి అడుగుతారు. లోపల ఉన్న భయం వేరే. పిల్ల చేయి దాటిపోతోందని, దూరం వెళ్లిపోతుందని, పెళ్లి ఆలస్యమవుతుందని. ఆ భయం తప్పని నేననను. కానీ దాన్ని కెరీర్ ప్రశ్నలా చుట్టి నాకు పంపితే నేను కెరీర్ జవాబిస్తాను, మీ టెన్షన్ అలాగే ఉండిపోతుంది. అందుకే రెండింటి గురించీ మాట్లాడుకుందాం.

ముందు ఆ పని ఎలా ఉంటుందో చూడండి. కొన్నేళ్ల కిందట ఒక స్కూలు పిల్లలతో కలిసి తీర్థన్ లోయకు వెళ్లాను. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ పక్కనే ఉంటుంది ఆ లోయ. సాయంత్రం నడక ఆగింది. నేను టీ కప్పు పట్టుకుని కూర్చుండిపోయాను. ఇన్‌స్ట్రక్టర్ అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, తలకు టార్చ్ కట్టుకుని ఒక్కో టెంటు దగ్గరికీ వెళ్లింది. ప్రతి పిల్లచేతా, పిల్లాడిచేతా సాక్సులు విప్పించి మడమలు చూసింది. ఒక పాప కాళ్లు దుప్పటి కింద దాచుకుంది. బొబ్బ లేచిందని తెలిస్తే రేపు నడవనివ్వరని భయం. ఇన్‌స్ట్రక్టర్ తిట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని, బొబ్బ చుట్టూ టేపు వేస్తూ, "రేపు నువ్వు నా పక్కనే నడువు. మెల్లగా నడిచేవాళ్లకే పక్షులు కనిపిస్తాయి" అంది. మర్నాడు అందరూ జుజురానా కోసం చెట్లన్నీ వెతికారు. హిమాచల్ రాష్ట్ర పక్షి అది. మాకు కనిపించలేదు. ఆ పాప మాత్రం ఓక్ చెట్టు బెరడు మీద పేరుకున్న లైకెన్‌ను చూసి ఇదేమిటని అడిగింది. గాలి పాడైన చోట ఇది బతకదని, నాచులాంటి ఆల్గే, ఫంగస్ కలిసి కాపురం చేస్తే ఇలా అవుతుందని అరగంట పాఠం నడిచింది. బ్లాక్‌బోర్డు లేదు, బెత్తం లేదు. నలభై మంది పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. రాత్రి అందరూ పడుకున్నాక ఆ అమ్మాయి నోటుబుక్ తీసి ఎవరు సరిగ్గా తినలేదు, ఎవరికి తలనొప్పి, ఎవరు నీళ్లు తక్కువ తాగారు అని రాసుకుంటోంది.

ఇందులో శిఖరం ఎక్కడుంది? లేదు. అదే మీకు చెప్పాలనుకున్నది. ఇది కొండలెక్కే ఉద్యోగం కాదు. కొండ మీద చేసే టీచర్ ఉద్యోగం. 2014 మే 25న మన మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కినప్పటి నుంచి నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులు ఆ పేరే ఎత్తుతారు. గర్వపడాల్సిన పేరే. కానీ ఎక్కడం వేరు, ఎక్కించడం వేరు. మీ అమ్మాయి 'నేను ఆ శిఖరం ఎక్కాలి' అంటోందా, 'పిల్లలకు ఇవి చూపించాలి' అంటోందా? మొదటిదైతే అది సరదా. ఏడాదికి ఒక సెలవు పెట్టుకుని తీర్చుకోవచ్చు. రెండోదైతే వృత్తి.

ఇక నా అనుమానాలు. ఇవి మీకంటే నాకే ఎక్కువ.

ఈ మధ్య 'ట్రెక్ లీడర్' అన్న మాట బాగా ఫ్యాషనైంది. భుజాన బ్యాగు, వెనక మంచు కొండ, ముప్పై సెకన్ల రీల్. ఆ రీల్ తీసిన మనిషికి ఏడాదిలో ఎన్ని రోజులు జీతం వచ్చిందో రీల్‌లో ఉండదు. ఈ రంగంలో ఎక్కువ భాగం రోజు లెక్క. ఉత్తరాఖండ్, హిమాచల్ కొండల్లో వేసవి ఒక సీజన్, వానలు తగ్గాక సెప్టెంబరు నుంచి ఒక సీజన్, చలికాలంలో కొన్ని మంచు ట్రెక్కులు. జులై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగిపడే దారుల్లో పని దాదాపు ఆగిపోతుంది. లడఖ్, స్పితి లాంటి వాన తక్కువ పడే చోట్లకు వెళ్లగలిగినవాళ్లకే అప్పుడు పని. కాబట్టి ఎవరైనా ఉద్యోగం ఇస్తామంటే 'జీతమెంత' అని మాత్రమే అడగొద్దు. 'ఏడాదికి ఎన్ని రోజులకు డబ్బిస్తారు, వానాకాలంలో ఏం చేయిస్తారు, బీమా ఎవరు కడతారు' అని అడగమనండి. మూడో ప్రశ్నకు నీళ్లు నమిలే కంపెనీలో చేరొద్దు.

రాత్రికి రాత్రి పని పోవడం కూడా ఉంది. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్స్‌లో, అంటే ఎత్తయిన పచ్చిక మైదానాల్లో, రాత్రి బస చేయకూడదని తీర్పిచ్చింది. గడ్డి పాడైపోతోంది కాబట్టి తీర్పు వెనక న్యాయం ఉంది. కానీ ఆ మైదానాల మీదుగా వెళ్లే రూప్‌కుండ్ ట్రెక్ దారినే నమ్ముకున్నవాళ్ల సంగతేంటి? గైడ్లు, వంటవాళ్లు, కంచరగాడిదలవాళ్లు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. తర్వాత రెండేళ్లకు కోవిడ్.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మీ అమ్మాయి పోటీ పడేది గఢ్‌వాల్, కులు, డార్జిలింగ్ పిల్లలతో. వాళ్లు నడక నేర్చుకున్నదే ఆ కొండల మీద. మబ్బు చూసి వాన ఎన్ని గంటలకొస్తుందో చెప్తారు. కాళ్ల బలంలో వాళ్లను మైదానం పిల్ల దాటలేదు, దాటాలని చూడకూడదు కూడా. ఆమె చేతిలో ఉన్నది వేరే: బోటనీ. ఒక మొక్కను చూసి కుటుంబం చెప్పి, దానికి కథ కట్టి, పదేళ్ల పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పగలగడం. అదే ఆమె పెట్టుబడి. హిందీ ఇప్పటి నుంచే గట్టిగా నేర్చుకోమనండి. పోర్టర్లతో, స్థానిక గైడ్లతో గౌరవంగా మాట్లాడటం రాకపోతే ఆ కొండల్లో ఒక్క వారం నెగ్గలేదు.

ప్రమాదం గురించి మీరు అడగలేదు గానీ దాచను. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ దగ్గర ద్రౌపది కా డాండా-2 మీద మంచు చరియలు విరిగిపడి, శిక్షణకు వెళ్లిన బృందంలో కనీసం 27 మంది చనిపోయారు. ఆ ఏడాదే ఎవరెస్టు ఎక్కిన సవితా కన్స్వాల్ ఆ బృందంలో ఇన్‌స్ట్రక్టర్. ఆమె కూడా వాళ్లలో ఉన్నారు. అనుభవం ఉంటే ప్రమాదం రాదని మీకు ఎవరైనా చెప్తే నమ్మకండి. అయితే మీ అమ్మాయి చేయాలనుకుంటున్న పని చాలావరకు చెట్లు పెరిగే ఎత్తు లోపలే, పిల్లలు నడిచే దారుల్లోనే ఉంటుంది. మంచు శిఖరాల మీద కాదు. తేడా పెద్దదే.

జాగ్రత్త నేర్పే చోట్లు ఉన్నాయి కూడా. డార్జిలింగ్‌లో 1954లో పెట్టిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలో 1965 నుంచి నడుస్తున్న నెహ్రూ ఇన్‌స్టిట్యూట్, మనాలీ, పహల్‌గామ్, అరుణాచల్‌లోని దిరాంగ్ సంస్థలు. అన్నీ ప్రభుత్వానివే. దాదాపు నాలుగు వారాల బేసిక్ కోర్సు. అందులో 'ఎ' గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్‌డ్. అందులోనూ 'ఎ' వస్తేనే 'మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్', అంటే నేర్పడం నేర్పే కోర్సు. సీట్లు నెలల ముందే నిండిపోతాయి. ఎన్‌సీసీ కేడెట్లను ఈ సంస్థలకు పంపే ఏర్పాటు ఉంది, కాబట్టి డిగ్రీ అయిపోకముందే కాలేజీలో ఆఫీసర్‌ను కలవమనండి. ఇది వాయిదా వేస్తే పోయే అవకాశం. దీంతోపాటు అడవుల్లో ప్రథమ చికిత్స నేర్పే 'వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్' కోర్సు, ఎనిమిది పది రోజులది, తప్పనిసరి అనుకోండి. నన్నడిగితే పర్వతారోహణ సర్టిఫికెట్ కంటే ఇదే ముందు.

ఎందుకంటే ఈ పనిలో అసలు పరీక్ష ఎదుటి మనిషిని కొండ దిగమనడంలో ఉంది. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడాలి కాబట్టి, మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తును రోజుకు అయిదొందల మీటర్లకు మించి పెంచకూడదని ఒక లెక్క. డబ్బు కట్టి, సెలవు పెట్టి వచ్చిన మనిషి, ఎత్తు పడక వచ్చిన తలనొప్పి, వాంతి దాచిపెట్టి 'నేను బాగానే ఉన్నాను మేడమ్, రేపు కనుమ దాటేద్దాం' అంటాడు. అతనితో 'మీరు దిగిపోతున్నారు, ఇప్పుడే' అనగలగాలి. మీ అమ్మాయి ఇంట్లో ఎవరితోనైనా అంత గట్టిగా మాట్లాడుతుందా? మాట్లాడితే, దాన్ని 'ఎదురు చెప్పడం' అని మీరు తిడుతుంటే, కొంచెం ఆపండి. ఆమెకు కావలసిన అర్హత అదే.

కొలువులు ఎక్కడ? నేను చెప్పిన ఆ నేషనల్ పార్కు అటవీ శాఖది. నేర్పేవాళ్లలో ఎక్కువమంది బయటి సంస్థలవాళ్లు, అనుమతి తీసుకుని బృందాల్ని లోపలికి తీసుకెళ్తారు. కాబట్టి పార్కులోనే ప్రభుత్వ ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం అని కలగనొద్దు. కాస్త నిలకడగా ఉండే చోట్లు హాస్టల్ ఉన్న పెద్ద స్కూళ్లు, పర్యావరణ విద్య చేసే స్వచ్ఛంద సంస్థలు, పిల్లలకు క్యాంపులు నడిపే కేంద్రాలు. ఇక్కడే మీ బీఈడీ పనికొస్తుంది.

అవును, పోలిక చెప్తానన్నాను. చిన్నదే. నెలనెలా జీతం, సెలవులు, ఇంటికి దగ్గర: టీచర్ ఉద్యోగమే మెరుగు, అనుమానం లేదు. ప్రభుత్వ పోస్టు కోసం ఎన్నేళ్లు ఎదురుచూస్తారన్న లెక్క కూడా కలిపితే ఆ మెరుగు కొంత తగ్గుతుంది. నేర్పే తృప్తిలో ఏది గొప్పదో నేను తూచలేను. అసలు వీటిని రెండు దారులుగా చూసిందే మీరు. బీఈడీ చేసిన ఇన్‌స్ట్రక్టర్‌కు పిల్లలతో పని నేర్పనక్కర్లేదు. అయిదేళ్లు కొండల్లో పాఠాలు చెప్పిన బోటనీ టీచర్ ఏ స్కూలుకైనా చేదు కాదు. మోకాళ్లు ఎప్పటికీ ఇరవై ఏళ్ల మోకాళ్లలా ఉండవు. అప్పుడు తిరిగొచ్చి పట్టుకోవడానికి ఒక తరగతి గది ఉండాలి. అందుకే బీఈడీ వద్దనను. ముందు బేసిక్ కోర్సు, ఒక సీజన్ పని, ఆ తర్వాత బీఈడీ అంటాను. వరస మార్చి, 'ముందు ఎమ్మెస్సీ, తర్వాత నీ కొండలు' అంటే ఆ తర్వాత ఎప్పుడూ రాదని మీకూ తెలుసు. అందుకే అలా అంటారు తల్లిదండ్రులు.

ఈ లోపల ఖర్చు లేకుండా ఒక పని. ఆదివారం పొద్దున మీ వీధి పిల్లల్ని పదిమందిని పోగేసి, దగ్గర్లో ఏదో ఒక గుట్టకో చెరువు గట్టుకో తీసుకెళ్లి, మూడు గంటలు వాళ్లకు ఏదో ఒకటి చూపించి, అందర్నీ లెక్కపెట్టి వెనక్కి తెమ్మనండి. నాలుగు ఆదివారాలు. అయిదో ఆదివారం తనంతట తను లేచి బయల్దేరితే నేనూ, మీరూ సలహాలివ్వడం ఆపేద్దాం. మీరు కూడా ఒకసారి వెంట వెళ్లండి. దూరంగా నిలబడి చూడండి, మధ్యలో మాట్లాడకండి.

మీరు భయపడుతున్నంత ఘోరం ఏమీ జరగలేదు సార్. డిగ్రీ చదువుతున్న పిల్ల, ఎన్‌సీసీలో పెరిగిన పిల్ల, పిల్లలకు నేర్పాలని అడుగుతోంది. ఆ ట్రెక్కింగ్‌కు పంపిందీ మీరే. ఇంతకాలం ఆమెను బాగానే పెంచారు.

సంబంధానికొచ్చిన నలుగురూ అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే 'టీచర్' అని చెప్పండి, అబద్ధం కాదు. ఏ స్కూల్లో అని అడిగితే ఆ జవాబు అమ్మాయినే చెప్పనివ్వండి. అది విని ఎవరి మొహం ఎలా మారుతుందో, అల్లుణ్ని ఎంచుకునేటప్పుడు మీకు ఉపయోగపడుతుంది.