ఉబుంటు 24.04లో పిప్ ఎర్రర్ వస్తుంటే పైథాన్ తీసెయ్యకండి

తమ్ముడూ, పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్) పాండాస్ అనే డేటా లైబ్రరీ వేద్దామంటే ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్ అని ఎర్రర్ వస్తోంది, పైథాన్ తీసేసి మళ్ళీ వెయ్యాలా అని అడిగావు కదా, ఆ పని మాత్రం చెయ్యకు. ఉబుంటులో చాలా టూల్స్ ఆ పైథాన్ మీదే నడుస్తాయి, అది పీకితే డెస్క్‌టాప్ కూడా పోతుంది (నేనోసారి పీకి రాత్రంతా కూర్చున్నా, ఆ కథ వద్దులే).

నీ పిప్ పాడవలేదు. 23.04 నుంచి ఉబుంటులో, అలాగే దానికి మూలమైన డెబియన్ 12లో ఇది కావాలనే పెట్టారు, ఎందుకంటే ఆప్ట్ (సిస్టమ్ సొంత ఇన్‌స్టాలర్) వేసినవీ పిప్ వేసినవీ ఒకే పైథాన్‌లో కలిసిపోయి ఒకదాన్నొకటి చెడగొట్టేవి.

అందుకే నీ ప్రాజెక్ట్‌కి విడిగా ఓ పైథాన్ చోటు పెట్టుకోవాలి, దాన్నే వెన్వ్ (వర్చువల్ ఎన్విరాన్‌మెంట్) అంటారు. ముందు ఆప్ట్‌తో పైథాన్3-వెన్వ్ అనే ప్యాకేజీ వేసుకో, అది లేకపోతే ఎన్‌ష్యూర్‌పిప్ లేదని ఇంకో ఎర్రర్ వస్తది. తర్వాత ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకెళ్ళి పైథాన్3, హైఫన్ ఎం, వెన్వ్, చివర నీకు నచ్చిన పేరు కొట్టు, ఆ పేరుతో ఓ ఫోల్డర్ వస్తుంది, దాని బిన్‌లో ఉన్న యాక్టివేట్ ఫైల్‌ని సోర్స్ కమాండ్‌తో రన్ చెయ్. టెర్మినల్ లైన్ మొదట్లో బ్రాకెట్లో ఆ పేరు కనిపిస్తే లోపలున్నట్టే, ఇక పిప్ ఇన్‌స్టాల్ పాండాస్ కొట్టెయ్. దాని ముందు సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) పెట్టావో మళ్ళీ సిస్టమ్ పైథాన్ దగ్గరికే పోతుంది. టెర్మినల్ మూసి తెరిచిన ప్రతిసారీ యాక్టివేట్ చెయ్యాలి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ఈ ఎర్రర్‌ని దాటెయ్యడానికి పిప్‌కి బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ ఆప్షన్ పెట్టమని ఎవరైనా చెప్తే వినకు, పేరులోనే ఉంది కదా బాబూ.

అప్పటికీ రాకపోతే ఎర్రర్ మొత్తం ఇక్కడ పెట్టు, చూద్దాం.