హాస్టల్లో మెనింజైటిస్: పక్క మంచం అబ్బాయికి మాత్ర కావాలా?

అక్కా, మీ వాడి రూమ్మేట్ వెన్నునీటి రిపోర్టులో "గ్రామ్ నెగటివ్ డిప్లోకాకై" అని వచ్చింది, మావాణ్ణి అనంతపురం పిలిపించుకోమంటారా అని అడిగారు కదా. ఇప్పుడే బస్సెక్కించొద్దు. ముందు కర్నూల్లోనే డాక్టరుకు చూపించండి.

జంటలుగా ఉండే గుండ్రటి బాక్టీరియా అవి. వెన్నునీటిలో కనిపిస్తే మొదట మెనింగోకాకస్‌నే అనుమానిస్తారు, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తెచ్చే క్రిమి అది. ఎంగిలి, దగ్గు తుంపర్ల ద్వారా అంటుతుంది. ఒకే గదిలో పడుకున్నవాళ్లకు ముందుజాగ్రత్త మందు ఇవ్వాలి, వీలైతే 24 గంటల్లోపే. పెద్దవాళ్లకు సిప్రోఫ్లాక్సాసిన్ 500 మి.గ్రా. ఒక్క డోసు, లేదంటే రిఫాంపిసిన్ రెండు రోజులు, లేదా సెఫ్ట్రియాక్సోన్ ఒక ఇంజెక్షన్. ఏది అన్నది డాక్టరే తేల్చాలి, మెడికల్ షాపులో అడిగి మింగించేది కాదు. (రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది, టెన్షన్ పడకండి.) టీకా వేయించుకున్నా ఈ మందు అవసరమే.

మందు పడ్డాక కూడా పది రోజులు కనిపెట్టుకుని ఉండమనండి. జ్వరంతో పాటు విపరీతమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, మగత, గాజుగ్లాసుతో నొక్కినా పోని ఊదా మచ్చలు... వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా సరే సర్వజన వైద్యశాల ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే. గంటల్లో ముదిరే జబ్బు ఇది.

మీ ఇంట్లోవాళ్లకు మాత్రలు అక్కర్లేదు, మీరెవరూ ఆ పేషెంటు దగ్గరికి పోలేదు కదా. మెస్సులో దూరంగా కూర్చున్నవాళ్లకూ అంతే. పరుపులు తగలబెట్టాలని వార్డెన్ అంటున్నారట, అదేం వద్దు. ఒంటి బయట ఆ క్రిమి ఎక్కువసేపు బతకదు. ఆయన చేయాల్సింది జిల్లా వైద్యాధికారులకు కబురు చేయడం.