సభ్యత్వం ఆశ చూపితే పాలన మారుతుందా?

ప్రశ్న: యూరోపియన్ యూనియన్ తన పక్క దేశాలకు "మీరు బాగుపడితే మాలో చేర్చుకుంటాం" అని చెప్పి అక్కడ ప్రజాస్వామ్యాన్ని నిలబెట్టిందని చదివాను. బయటివాళ్లు ఆశ చూపితే ఒక దేశంలో పాలన నిజంగా మారుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మారుతుందండీ. కానీ ఆ ఆశ పనిచేసేది ఎక్కువగా నాయకుడి మీద కాదు, ఓటరు మీద. స్లొవేకియానే చూడండి. 1990లలో అక్కడ ప్రధాని మెచియార్ మాటే వేదం. ఆయన పార్టీని వదిలేసిన ఒక ఎంపీ సీటును పార్లమెంటు లాగేసుకుంది, అది హక్కుల ఉల్లంఘనేనని రాజ్యాంగ న్యాయస్థానం తేల్చి చెప్పినా తిరిగి ఇవ్వలేదు. 1997లో చేరిక చర్చలకు పోలండ్, హంగరీ, చెక్ దేశాలను పిలిచిన యూనియన్, రాజకీయ కారణాలు చెప్పి స్లొవేకియాను పక్కన పెట్టింది. అయినా మెచియార్ మారలేదు, కుర్చీకి ఎసరు తెచ్చే పని ఏ నాయకుడు తనంతట తాను చేస్తాడు? మారింది జనం. నిన్నటిదాకా ఒకే దేశంగా ఉన్న చెక్‌వాళ్లు ముందుకెళ్లిపోతుంటే తాము వెనకబడ్డామన్న బాధ ఇంటింటికీ తెలిసింది, స్వచ్ఛంద సంస్థలు యువతను కదిలించాయి, 1998 ఎన్నికల్లో దాదాపు 84 శాతం మంది ఓటేశారు. మెచియార్ పార్టీ మొదటి స్థానంలోనే నిలిచినా పొత్తుకు తోడు దొరకలేదు. దాంతో ప్రతిపక్షాల కూటమి నుంచి ప్రధాని అయిన జురిందా తన ప్రభుత్వంలో హంగేరియన్ మైనారిటీ పార్టీని కూడా కలుపుకున్నారు, మరుసటి ఏడే మైనారిటీ భాషల చట్టం తెచ్చారు. 2004లో స్లొవేకియాకు సభ్యత్వం వచ్చింది.

చేరిపోయాక మాత్రం ఈ పట్టు సడలుతుంది. స్లొవేకియాలాగే సభ్యదేశమైన హంగరీలో చట్టబద్ధ పాలన దెబ్బతిందని యూనియన్ 2022లో 600 కోట్ల యూరోలకు పైగా నిధులు ఆపాల్సి వచ్చింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఉత్తర మాసిడోనియా కథ. 'మాసిడోనియా' అన్న పేరుకు సభ్యదేశమైన గ్రీసు అభ్యంతరం పెట్టిందని ఆ దేశం ఏకంగా తన పేరే మార్చుకుంది, 2019లో. అంతకన్నా ఇంకేం అడుగుతారు? అదే ఏడాది అక్టోబరులో ఫ్రాన్స్ చర్చలకు అడ్డుపడింది, మరుసటి ఏడు భాష, చరిత్ర గొడవలతో బల్గేరియా ఆపింది. అడిగింది చేసినా ఇస్తామన్నది ఇవ్వకపోతే, సంస్కరణ కోసం మాట పడ్డవాళ్లు సొంత జనం ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడతారు? పాత పేరున్న పాస్‌పోర్టులు 2024 ఫిబ్రవరిలో చెల్లకుండా పోయాయి. ఆ మే నెల ఎన్నికల్లో, పేరు మార్పును మొదటి నుంచీ వ్యతిరేకించిన పార్టీయే గెలిచింది.