‘వాతావరణ తటస్థ కృత్రిమ ఇంధనం’ సరైన ప్రయోగమేనా?

సందేహం: గాలిమరల విద్యుత్తుతో పెట్రోలు తయారు చేయడాన్ని గురించిన వ్యాసాల్లో ఒకచోట ‘వాతావరణ తటస్థ కృత్రిమ ఇంధనం’ అనీ, మరొకచోట ‘సంశ్లిష్ట ఇంధనం’ అనీ చదివాను. కృత్రిమమంటే నకిలీ అని కదా? మండితే పొగ వదిలేది తటస్థం ఎలా అవుతుంది?

సమాధానం: ముందు వస్తువును చూద్దాం. చిలీ దేశపు దక్షిణపు కొసన, పుంటా అరీనాస్ దగ్గర, హరు ఓని అనే ప్రయోగాత్మక కర్మాగారం 2022 డిసెంబరులో ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడ గాలిమర ఇచ్చే విద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు. దానిని బొగ్గుపులుసు వాయువుతో (కార్బన్ డయాక్సైడ్‌తో) కలిపి మిథనాల్‌గా, ఆ మిథనాల్‌ను పెట్రోలుగా మారుస్తారు. పుట్టుక వేరైనా అది పెట్రోలే, నకిలీ కాదు.

‘కృత్రిమ’ శబ్దానికి మూలం ‘కృ’ ధాతువు. ‘చేయడంవల్ల ఏర్పడినది’ అన్నదే దాని తొలి అర్థం, అందులో నింద లేదు. తెలుగు వాడుకలో మాత్రం కృత్రిమ కొరత, కృత్రిమ నవ్వు వంటి మాటలవల్ల కపటమనే ఛాయ గట్టిగా అంటుకొన్నది. ‘కృత్రిమ మేధ’ నిలదొక్కుకొన్నది గాని, బంకు ముందు నిలబడినవాడికి ‘కృత్రిమ పెట్రోలు’ అంటే కల్తీయే తోస్తుంది. అందువల్ల నేను ‘సంశ్లేషిత ఇంధనం’ అంటాను. విడదీయడం విశ్లేషణ, కూర్చడం సంశ్లేషణ. రెండింటికీ, మన శ్లేషాలంకారానికీ ధాతువు ఒక్కటే. ‘సంశ్లిష్ట’ వ్యాకరణరీత్యా తప్పు కాకపోయినా, సాహిత్య విమర్శ దానికి ‘చిక్కుముడులతో కూడిన’ అనే అర్థాన్ని స్థిరపరచింది కనుక ఇక్కడ పనికిరాదు.

‘తటస్థ’ విషయంలో మీ శంక సమంజసమైనది. తటమంటే గట్టు, ఏటిలో దిగక గట్టున నిలిచినవాడు తటస్థుడు. ఈ ఇంధనమో, ఏటిలో దిగనే దిగుతుంది. గాలినుంచో, మొక్కలనుంచో తీసుకొన్న బొగ్గుపులుసు వాయువునే మండినప్పుడు తిరిగి గాలికి అప్పగిస్తుంది కాబట్టి ఇది గట్టున నిలవడం కాదు, చెల్లుకు చెల్లు. అయినా ఆమ్లక్షారాల గుణాలు పరస్పరం చెల్లిపోవడాన్ని రసాయనశాస్త్రంలో ‘తటస్థీకరణం’ అని ఏనాడో అన్నాం గనుక మాటను తోసిపుచ్చలేం. ఏ ఖాతా సరితూగిందో తెలిపే ‘కర్బన తటస్థ’ మేలు. మీథేన్ వంటి ఇతర వాయువులను కూడా లెక్కలో చేర్చినప్పుడే ‘వాతావరణ తటస్థ’ అనాలి.

‘సంశ్లేషిత’, ‘తటస్థ’ అనే రెండు విశేషణాలనూ జంటపదంలా వాడే అలవాటు మాత్రం నాకు నచ్చదు. 1920లలో జర్మనీలో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ రూపొందించిన పద్ధతిలో బొగ్గునుంచి తీసిన ద్రవ ఇంధనమూ సంశ్లేషితమే, కాని భూగర్భంలోని కర్బనాన్ని గాలిలోకి వదిలేది గనుక తటస్థం కాదు. మొదటిది తయారీని చెప్పే విశేషణం, రెండవది జమాఖర్చులను చెప్పేది.

విద్యుత్తుతో తయారైనదనే అర్థంలో, ఇంగ్లీషు ‘ఇ-ఫ్యూయల్’ను అనుసరించి కొందరు రాస్తున్న ‘ఈ-ఇంధనం’ చెవికి ‘ఈ ఇంధనం’గానే వినబడుతుంది, ‘ఏ ఇంధనం?’ అని ఎదురుప్రశ్న తప్పదు. విద్యుత్తు ప్రస్తావన తప్పనిసరైతే, సంధి కలిపి ‘విద్యుదింధనం’ అనడం కంటె ‘విద్యుత్తుతో తయారైన సంశ్లేషిత ఇంధనం’ అని విప్పి రాయడమే సుబోధకం.