గేదెలకో తేదీల పుస్తకం

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన లెక్కలు చూశాను. ఏ పూట ఏ గేదె ఎన్ని లీటర్లిచ్చిందో, వెన్న శాతం ఎంతో, తవుడు బస్తా ఎంతకు కొన్నావో అన్నీ చక్కగా రాశావు. కానీ ఏ గేదె ఎప్పుడు ఈనింది, ఎప్పుడు ఎదకొచ్చింది అన్నది ఒక్కచోటా లేదు. ఫోన్లో అడిగితే "గుర్తుంది పెదనాన్నా" అన్నావు. ఇవాళ గుర్తుంటుంది. ఆర్నెల్లు పోయాక ఉగాదికి ముందా, తర్వాతా అని ఇంట్లో వాదులాడుకుంటారు.

ముర్రా గేదె చూడి మోసేది సుమారు 310 రోజులు. ఈనిన మూడు నెలలకు మళ్లీ చూడి కట్టిందనుకో, ఈతకీ ఈతకీ మధ్య 400 రోజులు, అంటే పదమూడు నెలల పైచిలుకు. అంతవరకూ బాగానే ఉన్నట్టు. ఒక్క ఎద మన కళ్లు గప్పి పోతే ఇంకో 21 రోజులు ఆగాలి. రెండు పోతే నెలన్నర. ఆ నెలన్నర మేతా దాణా దండగే, కానీ ఆ నష్టం ఏ బిల్లులోనూ కనపడదు. అందుకే ముందు తేదీలు రాయమంటున్నాను.

ఒక్కో గేదెకు ఒక్కో పేజీ పెట్టు. పైన చెవి పోగు మీది పన్నెండంకెల నంబరు. కింద ఈనిన రోజు, మాయ ఎన్ని గంటలకు పడింది, మొదటి ఎద ఎప్పుడు, సూది, అంటే చూడి కట్టడానికి వీర్యం ఎక్కించడం, ఎప్పుడు వేయించావు, వీర్యం గొట్టం మీది ఎద్దు నంబరు ఏమిటి. ఆ నంబరు రాయకపోతే రేపు పుట్టిన పెయ్యకు దాని తండ్రినే మళ్లీ కట్టిస్తావు. ఫోన్లో ఎక్కించుకుంటే ఎక్కించుకో, కాదనను. పుస్తకం మాత్రం పాకలోనే, పెన్నుతో సహా వేలాడాలి. పేడ చేతులతో ఎవడూ ఫోను తీయడు.

గేదెతో వచ్చిన చిక్కేమిటంటే, ఆవులా గోల చేయదు. ఎండాకాలంలో మరీ మూగ ఎద. కాబట్టి తెల్లవారుజామున, పేడ ఎత్తకముందే నువ్వే పాకలోకి వెళ్లు. పడుకున్న గేదె వెనక నేల మీద టార్చి వేసి చూడు. గుడ్డు తెల్లసొనలా జిగురు తీగ కనపడితే ఎదే. అది చీములా, మబ్బుగా ఉంటే గర్భసంచిలో వాపున్నట్టు. అప్పుడు సూది వద్దు, డాక్టరు గారిని పిలువు. తోక ఎత్తి పెట్టడం, మాటిమాటికీ కాస్త కాస్త మూత్రం పోయడం, ఆ పూట పాలు చేపకపోవడం కూడా గుర్తులే. ఇవి అందరికన్నా ముందు తెలిసేది పాలు పితికే మనిషికి. అతను చెప్పిన ఎద నిలిచి చూడి కడితే చేతిలో వంద రూపాయలు పెట్టు, కళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి!

పొద్దున ఎద కనపడితే సాయంత్రం, సాయంత్రం కనపడితే మర్నాడు పొద్దున సూది వేయించు. వేయించిన రోజే రాబోయే తేదీలు కూడా రాసేసుకో. ఆగస్టు 10న వేయిస్తే 31 దగ్గర ఒక గుర్తు. ఆ రెండు మూడు రోజులు మళ్లీ ఎదకొస్తుందేమో కనిపెట్టాలి. రాలేదని చూడి కట్టిందనుకోకు, అక్టోబరులో చెయ్యి పెట్టించి పరీక్ష చేయించు. ఏప్రిల్ 17న పాలు ఆపాలి, జూన్ 16 ప్రాంతంలో ఈనుతుంది.

ఒక గేదె మూడుసార్లు పొర్లితే, అంటే సూది వేయించినా చూడి నిలవక మళ్లీ ఎదకొస్తే, దానికే ఏదో ఉంది. పాకలో సగం పొర్లుతున్నాయంటే గేదెల్ని తిట్టకు. సూది వేళకు పడుతోందా, రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం నిజంగా దాణాలో కలుస్తోందా అని చూడు.

జబ్బులు కూడా ఆ పేజీలోనే రాయి. పొదుగువాపు వస్తే ఏ చన్ను అన్నది రాయి. మళ్లీ మళ్లీ అదే చన్నుకు వస్తుంటే ఆ గేదెను చివర్న పితకాలి. ఈనిన పన్నెండు గంటలకీ మాయ పడకపోతే ఎవర్నీ లాగనివ్వకు. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి, గొంతువాపుది వానలకు ముందు. నెలలు నిండకుండా ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఈసుకుపోతే మాత్రం తేలిగ్గా తీసుకోకు. బ్రూసెల్లా అనే ఈసుకుపోయే జబ్బు కావచ్చు, అది మనుషులకీ అంటుకుంటుంది. ఆ పిండాన్నీ మాయనీ ఉత్త చేతులతో ముట్టొద్దు, కుక్కలకు దొరకనివ్వొద్దు. డాక్టరు గారికి చూపించాక సున్నం వేసి లోతుగా పాతిపెట్టించి, గేదెకు రక్తపరీక్ష చేయించు. నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు పెయ్యలకు ఈ జబ్బు టీకా ఒక్కసారి వేస్తారు. మీ రెండు పెయ్యలకూ వేయించావో లేదో నీ లెక్కల్లో కనపడలేదు.

ఈ ఆదివారం కూర్చుని గుర్తున్నంతవరకు రాసెయ్యి. గుర్తులేని వాటికి ఊహించి తేదీ వేయకు, ఖాళీ వదిలెయ్. ఈని నాలుగు నెలలైనా ఎదకు రాలేదన్నావే, ఆ వంకర కొమ్ముల గేదెను మాత్రం ఈ వారమే డాక్టరు గారికి చూపించు. ఆయన ఏమన్నారో నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న