సబ్జెక్ట్ అంటే పని చేసేవాడేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి, ఇంగ్లిష్ మీడియం. వాక్యంలో సబ్జెక్ట్, ప్రెడికేట్ అని రెండు భాగాలుంటాయని ఒక పాఠంలో ఉంది. ఇంకో పాఠంలోనేమో సబ్జెక్ట్, వెర్బ్, ఆబ్జెక్ట్ అని మూడు చెప్పారు. ఏది రైటమ్మా అని వాడు అడుగుతున్నాడు. నేను తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివాను. సబ్జెక్ట్ అంటే కర్త, అంటే పని చేసేవాడు అని గుర్తుంది. అదైనా సరైనదేనా మేడమ్?
– ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: రెండు పాఠాలూ రైటేనమ్మా. ‘మై బ్రదర్ బాట్ ఎ సైకిల్’ అనే వాక్యం తీసుకోండి. ఎవరి గురించి చెబుతున్నామో ఆ ముక్క సబ్జెక్ట్: మై బ్రదర్. అతని గురించి చెప్పిందంతా, అంటే ‘బాట్ ఎ సైకిల్’ మొత్తం, ప్రెడికేట్. ఆ ప్రెడికేట్‌ను మళ్లీ విడదీస్తే ‘బాట్’ వెర్బ్, ‘ఎ సైకిల్’ ఆబ్జెక్ట్. రెండో పాఠం చేసింది ఇదే. ఆబ్జెక్ట్ ఎప్పుడూ ప్రెడికేట్ లోపలే ఉంటుందని బాబుకు చూపిస్తే వాడి చిక్కు తీరిపోతుంది.

మీ రెండో సందేహం ఇంకా ముఖ్యమైనది. పల్నాడు పల్లెల్లో జిల్లా పరిషత్ స్కూళ్లలో ఇంగ్లిష్ చెప్పినన్నాళ్లూ ‘సబ్జెక్ట్ అంటే పని చేసేవాడు’ అనే నిర్వచనాన్ని నా తరగతి గడప దాటి రానివ్వలేదు. ‘ద థీఫ్ వాజ్ కాట్’ అనే వాక్యంలో దొంగ ఏ పనీ చేయలేదు, దొరికిపోయాడు. అయినా సబ్జెక్ట్ అతనే. ‘ఇట్ ఈజ్ రెయినింగ్’లో ‘ఇట్’ ఎవరు? ఎవరూ కాదు. అయినా అది సబ్జెక్టే. పిల్లవాడు పని చేసినవాడి కోసం వెతుకుతాడు, దొరకడు, ఇక గ్రామర్ తన వల్ల కాదని వదిలేస్తాడు. అది వాడి లోపం కాదు, మనం ఇచ్చిన నిర్వచనానిది.

ఇంగ్లిష్‌లో సబ్జెక్ట్‌ను అర్థం బట్టి కంటే వాక్యంలో చోటు బట్టి పట్టుకోవాలి. రైల్లో బెర్తు నంబరు లాంటిది, అందులో ఎవరు కూర్చున్నా నంబరు మారదు. మనకు ఆ ఇబ్బంది లేదు. ‘వేటగాడు పులిని చంపాడు’, ‘పులిని వేటగాడు చంపాడు’, ఎలా చెప్పినా చచ్చింది పులే. ‘ని’ అనే విభక్తి దాన్ని వదలదు. ఇంగ్లిష్‌లో ‘ద హంటర్ కిల్డ్ ద టైగర్’ అన్న వాక్యాన్ని తిరగేశారా, వేటగాడి ప్రాణం పోతుంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో కూడా నామవాచకాలకు మనలాగే విభక్తుల తోకలుండేవి. 11వ శతాబ్దం తర్వాత అవి దాదాపుగా రాలిపోయాయి. హి–హిమ్, షి–హర్, హు–హూమ్ లాంటి జంటల్లో మాత్రం వాటి ఆనవాలు మిగిలింది. తోకలు పోయాక ఆ బరువంతా పదాల వరుస మీద పడింది.

అందుకే అక్కడ సబ్జెక్ట్ చోటును, వెర్బ్ చోటును ఖాళీగా వదలరు. మనం ‘వచ్చాను’ అంటే చాలు, ఎవరొచ్చారో క్రియే చెబుతుంది. ‘ఆయన డాక్టరు’, ‘నాకు జ్వరం’, వీటిలో క్రియే లేదు, అయినా నిండు వాక్యాలు. బాబు ‘హి డాక్టర్’ అని రాస్తే తిట్టకండి. వాడు తెలుగు వ్యాకరణాన్ని తప్పు లేకుండా పాటిస్తున్నాడు. ఇంగ్లిష్‌లో ఆ చోట ‘ఈజ్’ కూర్చోవాలని మాత్రం చెప్పండి.

సబ్జెక్ట్ ఎంతవరకో తేలకపోతే వాక్యాన్ని ప్రశ్నగా మార్చమనండి. ‘ద బాయ్స్ ఆన్ ద లాస్ట్ బెంచ్ ఆర్ టాకింగ్’ అన్నదాన్ని ప్రశ్న చేస్తే ‘ఆర్ ద బాయ్స్ ఆన్ ద లాస్ట్ బెంచ్ టాకింగ్?’ అవుతుంది. ‘ఆర్’కూ ‘టాకింగ్’కూ మధ్య చిక్కిందంతా సబ్జెక్ట్. మొదటి వాక్యం ‘డిడ్ మై బ్రదర్ బై ఎ సైకిల్?’ అవుతుంది. మధ్యలో ఎవరున్నారో వాడే చెబుతాడు. పక్కన కూర్చుని రోజూ నాలుగు వాక్యాలు ఇలా తిప్పించండి. మీకూ వచ్చేస్తుంది.

ప్రశ్న: బ్యాంకు పరీక్షలకు తయారవుతున్నాను. ఆబ్జెక్ట్‌కూ కాంప్లిమెంట్‌కూ తేడా ఎలా గుర్తుపట్టాలి?
– డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: ‘షి మెట్ ఎ డాక్టర్’, ‘షి బికేమ్ ఎ డాక్టర్’, ఈ రెండూ పక్కపక్కన పెట్టి మనుషుల్ని లెక్కపెట్టు బాబూ. మొదటి దాంట్లో ఇద్దరున్నారు, ఆమె వేరు, డాక్టరు వేరు. అది ఆబ్జెక్ట్. రెండో దాంట్లో ఒక్క మనిషే, ఆమే డాక్టరు. అది కాంప్లిమెంట్. ‘షి సా హర్‌సెల్ఫ్ ఇన్ ద మిర్రర్’ దగ్గర ఈ లెక్క పనిచేయదు. మనిషి ఒకరే అయినా ‘హర్‌సెల్ఫ్’ ఆబ్జెక్టే. అలాంటి చోట వెర్బ్‌ను చూడు. బి, బికమ్, సీమ్ లాంటివి ఉంటే తర్వాత కాంప్లిమెంట్ వస్తుందని అనుకోవచ్చు. ‘షి ఈజ్ టైర్డ్’లో లాగా విశేషణం కూడా కాంప్లిమెంట్ కావచ్చు, ఆబ్జెక్ట్ మాత్రం కాలేదు. స్పెల్లింగ్ జాగ్రత్త. ‘ఎల్’ తర్వాత ‘ఇ’ రాయాలి. ‘ఐ’ రాస్తే అది పొగడ్త.

ప్రశ్న: మెడికల్ షాపులో పనిచేస్తాను. ‘డిడ్ యు వెంట్?’, ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ ద డాక్టర్’ అంటుంటే మా ఓనరు గారి అమ్మాయి తప్పంటోంది. ఏం తప్పు?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆ అమ్మాయి చెప్పింది నిజమే. భూతకాలాన్ని ‘డిడ్’ మోసేసింది కాబట్టి తర్వాత వచ్చే వెర్బ్ మామూలు రూపంలో ఉండాలి: డిడ్ యు గో? ఇక రెండోది. మీరు అక్కడ ప్రశ్న అడగడం లేదు, తెలియదని చెబుతున్నారు. కాబట్టి సబ్జెక్ట్ తన చోటుకు, అంటే వెర్బ్ కంటే ముందుకు రావాలి: ఐ డోంట్ నో వేర్ ద డాక్టర్ ఈజ్. ఎవరినైనా అడగాల్సి వచ్చినా పైన ఉన్న ‘డు యు నో’ ఒక్కటే ప్రశ్న రూపంలో ఉంటుంది, లోపలిది మారదు: డు యు నో వేర్ ద డాక్టర్ ఈజ్? అదే నేరుగా అడిగితే మీరు అలవాటుగా అనేదే రైటు: వేర్ ఈజ్ ద డాక్టర్?