రెగ్యులేటర్‌కు హీట్‌సింక్: ఆంపియర్లు కాదు, వాట్లు చూడండి

ప్రశ్న: 12 వోల్టుల అడాప్టర్‌కు 7805 (వోల్టేజీని 5కు దించే రెగ్యులేటర్) పెట్టి, ఆర్డ్యూనో అనే చిన్న కంట్రోలర్ బోర్డునూ 5 వోల్టుల రిలేలు నాలుగింటినీ నడుపుతున్నాను. ఒక్క రిలే వేస్తే రోజంతా బాగానే ఉంటుంది. నాలుగూ వేస్తే కాసేపటికే రిలేలు పడిపోయి, ఆర్డ్యూనో రీసెట్ అవుతోంది. 7805 ఒక ఆంపియర్ ఇస్తుందంటారు కదా, హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు ముక్క) కావాలా?

జవాబు: కావాలి. ఆ ఒక ఆంపియర్ మాట, దాన్ని చల్లగా ఉంచినప్పుడే చెల్లుతుంది. 7805 మిగులు వోల్టేజీని వేడిగా మార్చేస్తుంది. మీ దగ్గర 12 లోంచి 5 పోతే 7 వోల్టులు. ఈ రకం రిలే ఒక్కొక్కటి సుమారు 70 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగింటికి 280, ఆర్డ్యూనోకు, బోర్డు మీది ఎల్ఈడీలకు ఇంకో 70 వేసుకుంటే 350. ఏడుతో గుణిస్తే 2.45 వాట్లు.

హీట్‌సింక్ లేని టీవో-220 ప్యాకేజీ (7805 వచ్చే మూడు కాళ్ల తొడుగు) వాటుకు దాదాపు 65 డిగ్రీలు వేడెక్కుతుంది. అంటే 159 డిగ్రీలు. దానికి 40 డిగ్రీల ఎండాకాలం గది వేడి కలపండి. లోపలి చిప్ 125 దాటకూడదు. అందుకే 7805 తనను తాను కాపాడుకోవడానికి సరఫరా తగ్గించేస్తోంది, చల్లారాక మళ్లీ ఇస్తోంది. ఒక్క రిలేతోనైతే సుమారు 1 వాటే కాబట్టి 105 దగ్గర ఆగుతోంది. అప్పుడు కూడా ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. కానీ అది చెడిపోయినట్టు కాదు. పక్కనున్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌ను మాత్రం కాస్త దూరంగా జరపండి, ఆ వేడికి అది త్వరగా ఎండిపోతుంది.

వాటుకు 20 డిగ్రీల చిన్న అల్యూమినియం హీట్‌సింక్ చాలు. చిప్ నుంచి ట్యాబ్‌కు (వెనకాల స్క్రూ రంధ్రం ఉన్న లోహపు రేకు) 5, ట్యాబ్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్టుకు 1 కలిపి 26. దాన్ని 2.45తో గుణిస్తే 64, గదితో కలిపి 104. థర్మల్ పేస్టు పల్చగా, అవతలి లోహం లీలగా కనిపించేంత రాయాలి. మందంగా పూస్తే అదే వేడికి అడ్డు. హీట్‌సింక్ కంటే ముందు నేను అడాప్టర్ మార్చమంటాను: 9 వోల్టులదైతే వేడి 1.4 వాట్లకు పడిపోతుంది. రెగ్యులేటర్‌కు 7 వోల్టులకు పైన ఉంటే చాలు.

ట్రాన్స్‌ఫార్మర్ వాడేవాళ్లు ఇక్కడే పొరబడతారు. 12 వోల్టుల ఏసీ, బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్లు), కెపాసిటర్ దాటాక దాదాపు 15.5 వోల్టుల డీసీ అవుతుంది. లెక్క ఆ అంకెతోనే వేయాలి.

ప్రశ్న: ఎల్ఎం317ను (వోల్టేజీ మార్చుకోగల రెగ్యులేటర్) నేరుగా ఇనుప పెట్టెకు బిగించవచ్చా?

జవాబు: వద్దు. 7805 ట్యాబ్ గ్రౌండ్ కాబట్టి సరిపోతుంది. 317 ట్యాబ్ అవుట్‌పుట్, 7905 (మైనస్ 5 వోల్టుల రెగ్యులేటర్) ట్యాబ్ ఇన్‌పుట్. పెట్టె గ్రౌండ్‌కు కలిసి ఉంటే షార్టే. కరెంటు పారనివ్వని మైకా షీటు, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ వేసి, కరెంటు ఇచ్చే ముందు ట్యాబ్‌కూ పెట్టెకూ మధ్య మల్టీమీటర్ బీప్ కొట్టడం లేదని చూసుకోండి.